ఫాదర్ గారి మీద ఫిర్యాదు వస్తే విచారణ (పారిష్) పెద్దలు ఏం చేయాలి?

న్యాయ సలహా – పాఠకుల ప్రశ్నలకు గుంటూరు అడ్వకేట్ జవాబులు

ప్రశ్న: మేడమ్ గారూ, నేను మా విచారణలో పారిష్ కౌన్సిల్ సభ్యుణ్ణి. మా స్వామివారు (ఫాదర్ గారు) గుడికి కొత్త స్లాబు వేయించారు, హాస్టలు నడుపుతున్నారు, ఊళ్ళో మంచి పేరుంది. ఆ హాస్టల్లో చదివే ఒక అమ్మాయి, స్వామివారు తనతో తప్పుగా ప్రవర్తించారని వాళ్ళమ్మతో చెప్పింది. ఆమె ఉపదేశి (విచారణలో మతబోధ చేసే ఆయన) గారి భార్యకు, ఆవిడ మాకు చెప్పారు. ఊరు రెండుగా చీలిపోయింది. పోలీసుల దాకా వెళితే శ్రీసభ (కతోలిక సంఘం) పరువు పోతుంది, మేత్రాణుల (బిషప్) వారికి చెప్పి ట్రాన్స్‌ఫర్ చేయిద్దాం అని పెద్దలంటున్నారు. కుర్రాళ్ళేమో స్వామివారికి మద్దతుగా కొవ్వొత్తుల ర్యాలీ తీస్తామంటున్నారు. రేపు ఇది అబద్ధమని తేలితే మా గతేమిటి? ఒకటే టెన్షన్‌గా ఉంది. – పేరు వద్దు

జవాబు: అన్నగారూ, మీ ఉత్తరం చదివిన రోజే ఫోన్ చేసి, ముందు మీ చేత పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పించాను. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నది మిగతా విచారణల పెద్దల కోసం కూడా. పాప ఎవరో తెలియకుండా వివరాలు మార్చాం. మార్చకపోతే పోక్సో చట్టం (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) 23వ సెక్షన్ కింద మా పత్రిక మీదే కేసవుతుంది.

మీ పెద్దలు ‘చెప్పాలా వద్దా’ అని చర్చిస్తున్నారు. ఆ చర్చకు చట్టంలో చోటు లేదు. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పిల్లల మీద ఇలాంటి నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. తల్లీ, ఉపదేశి గారి భార్యా, మీరూ, మీ కౌన్సిల్లో ఆ మాట విన్న ప్రతి ఒక్కరూ. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు పడొచ్చు. తన కింద పనిచేసేవారి సంగతి తెలిసీ దాచిన సంస్థ అధిపతికైతే ఏడాది వరకు. ‘నిజమో కాదో తేల్చుకుని చెబుదాం’ అన్న మాట వినడానికి పెద్దమనిషి తరహాగా ఉంటుంది కానీ తేల్చే పని మీది కాదు. పైగా ఆ పాపను పెద్దలు ఒకరి తర్వాత ఒకరు పిలిచి ‘ఏం జరిగిందో చెప్పమ్మా’ అని అడిగితే, ప్రతిసారీ ఒక ముక్క అటూ ఇటూ అవుతుంది. ఎవరికైనా అంతే. రేపు క్రాస్ ఎగ్జామినేషన్లో డిఫెన్స్ లాయరు పట్టుకునేది సరిగ్గా ఆ ముక్కనే. నేనూ డిఫెన్స్ చేశాను కాబట్టి చెబుతున్నాను. తల్లితో పాప ఏ మాటలతో చెప్పిందో ఆ మాటలే ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి పెట్టండి. ఇంకెవరూ అడగకండి.

ఆ తల్లికి పోలీస్ స్టేషన్ అంటేనే భయం అని ఫోన్లో చెప్పారు. పాపను స్టేషన్ చుట్టూ తిప్పకూడదు. వాంగ్మూలం ఇంట్లోనో, తను కోరిన చోటో తీసుకోవాలి. వీలైనంత వరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారే రావాలి, అదీ యూనిఫాం లేకుండా. వైద్య పరీక్ష మహిళా డాక్టరే, తల్లిదండ్రుల్లో ఒకరినో పాప నమ్మే మనిషినో పక్కన ఉంచుకుని చేయాలి. ఇరవై నాలుగు గంటల్లో పోలీసులు విషయాన్ని బాలల సంక్షేమ కమిటీకి తెలియజేయాలి. కేసు నడిచినంత కాలం తోడుండే మనిషిని ఆ కమిటీ ఇప్పించగలదు, అడగండి. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది.

ఇక ట్రాన్స్‌ఫర్. ఇది మీ ఊరి పెద్దలు కొత్తగా కనిపెట్టిన ఉపాయం కాదు. అమెరికాలో బోస్టన్ అగ్రపీఠం (ఆర్చ్‌డయోసిస్) ఏళ్ళ తరబడి చేసింది ఇదే. ఫిర్యాదు వచ్చిన గురువును (ఫాదర్‌ను) ఒక విచారణ నుంచి ఇంకో విచారణకు మార్చడం, కొత్త విచారణకు సంగతి చెప్పకపోవడం. 2002 జనవరిలో అక్కడి పత్రిక అదంతా బయటపెట్టింది. ఆ ఏడాది డిసెంబరులో కార్డినల్ బెర్నార్డ్ లా అగ్రపీఠాధిపతి పదవికి రాజీనామా చేయాల్సి వచ్చింది. పరువు కోసం దాచినందుకే అక్కడ పరువు పోయింది. మీ స్వామివారిని మార్చితే మీ హాస్టలు పిల్లలకు గండం తప్పుతుందేమో, అవతలి ఊరి పిల్లల సంగతేమిటి? డబ్బిచ్చి రాజీ చేస్తామనే పెద్దలు కూడా ఉంటారు. ఒక టీచరు మీద కేసును రాజీ కుదిరిందని హైకోర్టు కొట్టేస్తే, 2024 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని తిరిగి తెరిపించింది. ఇది ఇద్దరు మనుషులు సర్దుకుని ముగించుకునే తగాదా కాదని చెప్పింది.

మీరు కొట్టియూరు కేసు గురించి మీ కౌన్సిల్లో చెప్పండి. కేరళలో కన్నూరు జిల్లా. అక్కడి విచారణ గురువు వల్ల పదహారేళ్ళ పిల్ల గర్భవతి అయి, బిడ్డను కన్నది. 2017లో కేసు బయటపడ్డప్పుడు, తప్పు తనదేనని మొదట ఒప్పుకున్నది ఎవరో తెలుసా? ఆ పిల్ల కన్న తండ్రి. గురువును కాపాడటానికి ఒక తండ్రి అంత మాట తన నెత్తిన వేసుకోవడానికి సిద్ధపడ్డాడంటే, ఆ ఇంటి మీద ఎంత బరువు పడి ఉంటుందో ఊహించుకోండి. కోర్టుకు వచ్చేసరికి ఆ పిల్లా, తల్లిదండ్రులూ సాక్ష్యం మార్చేశారు. డీఎన్ఏ పరీక్ష మాత్రం మారలేదు. 2019 ఫిబ్రవరిలో తలశ్శేరి కోర్టు ఇరవై ఏళ్ళ శిక్ష వేసింది, 2021లో హైకోర్టు దాన్ని పదేళ్ళకు తగ్గించింది. ఈ మధ్యలో రోము ఆయన్ను గురుత్వం (ఫాదర్ హోదా) నుంచే తొలగించింది. అక్కడ డీఎన్ఏ ఉంది కాబట్టి కేసు నిలబడింది. మీ కేసు లాంటి వాటిలో చాలాసార్లు పాప మాట ఒక్కటే ఉంటుంది. ఊరు ఒత్తిడి చేసి ఆ మాట మార్పిస్తే మిగిలేది సున్నా.

శ్రీసభ చట్టం కూడా మీ పెద్దలు అనుకుంటున్నట్టు లేదు. 2019లో పోప్ ఫ్రాన్సిస్ ఇచ్చిన ఆదేశాన్ని 2023లో శాశ్వతం చేశారు. దాని ప్రకారం ఇలాంటి సంగతి తెలిసిన గురువులు, మఠవాసులు మేత్రాణులకు తెలియజేయాలి. ఫిర్యాదు చేసినవాళ్ళ నోరు మూయించకూడదు, కక్ష సాధించకూడదు. ప్రభుత్వ చట్టం చెప్పమన్నచోట చెప్పాల్సిందేనని కూడా అందులోనే ఉంది. ఈ కేసుల మీద ఉండే పొంతిఫికల్ రహస్యాన్ని (రోము విధించే గోప్యతను) 2019 డిసెంబరులోనే ఎత్తేశారు. కాబట్టి మేత్రాణుల వారికి రాతపూర్వకంగా ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. విషయం తేలే దాకా స్వామివారిని పూజలకు, హాస్టలుకు దూరంగా ఉంచమని అడగండి. అది తీర్పు కాదు, ముందు జాగ్రత్త మాత్రమే. కానీ ఈ ఉత్తరం పోలీసు ఫిర్యాదుతో పాటు వెళ్ళాలి, దానికి బదులుగా కాదు.

అబద్ధమైతే? మంచి మనసుతో సమాచారం ఇచ్చినవారి మీద కేసు పెట్టకూడదని 19వ సెక్షనే చెబుతోంది. శిక్ష ఉన్నది కక్షతో, తెలిసి తెలిసీ అబద్ధం చెప్పిన పెద్దలకు. పిల్లలకు అదీ లేదు. నిర్దోషి అని తేల్చడానికి కూడా కోర్టే కావాలి. ఒక సిస్టరు ఫిర్యాదు మీద 2018లో అరెస్టయిన అప్పటి జలంధర్ మేత్రాణులు ఫ్రాంకో ములక్కల్‌ను 2022 జనవరిలో కొట్టాయం కోర్టు నిర్దోషిగా విడుదల చేసింది. ఫిర్యాదు చేసిన సిస్టరు హైకోర్టుకు అప్పీలు వెళ్ళారు. ఊరి పెద్దలు రచ్చబండ దగ్గర ‘మా స్వామి బంగారం’ అని తేల్చేస్తే ఆ మచ్చ ఆయనకు ఎప్పటికీ పోదు.

ర్యాలీ మాత్రం ఆపండి. మా నాన్న ఉపదేశి, స్వాముల చేతి దీవెనలతో పెరిగినదాన్ని, కుర్రాళ్ళ అభిమానం నాకు అర్థమవుతుంది. ఆయన కోసం ఇంట్లో జపమాల చెప్పుకోమనండి, లాయరుకు చందా వేసుకున్నా తప్పు లేదు. కానీ ఆ కొవ్వొత్తులు ఆ పాప ఇంటి ముందు నుంచి వెళితే అది బెదిరింపే. వాట్సాప్ గ్రూపుల్లో పాప పేరు, ఫొటో, ఇంటి పేరు కనిపిస్తే వెంటనే తీయించండి. ఆ కుటుంబాన్ని బెదిరించడానికి మన విచారణల్లో పెద్ద మాటలు అక్కర్లేదు. తమ్ముడి స్కూలు సీటు, తల్లికి హాస్టల్లో వంట పని, రేపు అక్క పెళ్ళికి జ్ఞానస్నాన సర్టిఫికెట్, ఇవన్నీ ఒకే గేటు లోపల ఉంటాయి. వాటిలో ఒక్కటీ ఆగదని కౌన్సిల్ తీర్మానం రాసి, ఆ తల్లి చేతికి ఒక కాపీ ఇవ్వండి. ఆదివారం పూజకు ఆమె వస్తే పక్కన కూర్చోవడానికి మీ ఇంటావిడను పంపండి.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాం. మా విచారణలో పూజ చివర బిషప్ ఉత్తరం చదివి, ఫలానా ఫాదర్ మీద ఆరోపణ వచ్చింది, సెలవులో పెట్టాం అని పేరుతో సహా చెప్పారు. ఆయన మన తెలుగాయన. రుజువు కాకముందే ఇలా పరువు తీయడం న్యాయమా? – ఒక గృహిణి

జవాబు: అమ్మా, బోస్టన్ గొడవ తర్వాత 2002 జూన్‌లో అమెరికా బిషప్పులు డల్లాస్‌లో కూర్చుని రాసుకున్న నియమాల ఫలితం ఇది. మైనర్ల విషయంలో ఆరోపణ వస్తే ప్రభుత్వ అధికారులకు చెప్పాలి, గురువులు కానివారే ఎక్కువమంది ఉండే రివ్యూ బోర్డు చూడాలి, విచారణలకు దాచకుండా తెలియజేయాలి. పేరు చదవడం వల్ల ఇంకెవరైనా బాధితులుంటే ధైర్యంగా ముందుకు వస్తారు. నిర్దోషి అని తేలితే అదే మైకులో అదీ చదవమని పట్టుబట్టండి, అది మీ హక్కు. తెలుగాయన కాబట్టి అనుమానించొద్దు, తెలుగాయన కాబట్టి వెనకేసుకు రావొద్దు. హైదరాబాద్ అగ్రపీఠం నుంచి దక్షిణ డకోటాలోని ర్యాపిడ్ సిటీకి వెళ్ళిన ఒక గురువు 2018లో అరెస్టయ్యి, 2019లో నేరం ఒప్పుకుని ఆరేళ్ళ శిక్ష పొందారు.

ప్రశ్న: నేను సిస్టర్‌ని. హాస్టలు పిల్ల నాతో ఒక విషయం చెప్పి, ఎవరికీ చెప్పనని మాట తీసుకుంది. పాపసంకీర్తనం (కన్ఫెషన్) లాగే ఇదీ రహస్యమేనా?

జవాబు: కాదు సిస్టర్. పాపసంకీర్తన ముద్ర గురువుకే, ఆ సంస్కారంలో విన్న మాటకే. మీ గదిలో విన్నదానికి 19వ సెక్షన్ వర్తిస్తుంది. ‘నీకు సాయం చేయగలిగినవాళ్ళకు మాత్రమే చెబుతాను’ అని పిల్లకు నిజం చెప్పి, తన పక్కన కూర్చునే 1098కి ఫోన్ చేయండి. మదర్ సుపీరియర్ అనుమతి వచ్చేదాకా ఆగక్కర్లేదు.