వెలిగే రెప్లికా కత్తిలో పాత బోర్డు తీసి కొత్తది వేయొచ్చా?

కావలి నుంచి అడిగిన తమ్ముడూ, నీ రెప్లికా కత్తి (సినిమాలో వెలిగే కత్తికి నకలు) వెలుగు మసకబారింది, లోపల లైటును నడిపే సర్క్యూట్ బోర్డు మారిస్తే విలువ పోతుందా అన్నావు కదా. మార్చొచ్చు. కానీ పాత బోర్డు, వైర్లు, స్క్రూలు ఒక్కటి కూడా పారేయకుండా కవర్లో దాచు, రేపు అమ్మాలన్నా కొనేవాళ్లు ముందు వాటినే అడుగుతారు.

అసలు ముందు పిడి విప్పి బ్యాటరీ స్ప్రింగ్ చూడు. మన సముద్రపు గాలికి పచ్చగా చిలుం పడుతుంది. ఒంగోలులో నా కత్తికి అదే జరిగితే సన్న గరుకు కాగితంతో గీకి తుడిచాను, సగం వెలుగు అక్కడే తిరిగొచ్చింది.

అప్పటికీ చాలకపోతే డబ్ల్యూఎస్2812బి స్ట్రిప్ (ఒక్కో లైటు రంగునీ విడిగా మార్చగలిగే ఎల్‌ఈడీ పట్టీ) వేసుకో, కానీ ఒక్కో ఎల్‌ఈడీ ఫుల్ తెలుపులో దాదాపు 60 మిల్లీఆంపియర్లు లాగుతుంది, అంటే 100 ఉంటే 6 ఆంపియర్లు, మూడు పెన్సిల్ సెల్స్ ఎక్కడ సరిపోతాయి? ఎక్కువ కరెంటిచ్చే 18650 లిథియం సెల్ (మళ్లీ ఛార్జ్ చేసుకునే గుండ్రటి సెల్) కావాలి. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ నుంచి ఊడదీసింది మాత్రం దయచేసి పెట్టొద్దు. కరెంటు ఒక్కసారిగా దూకి ఎల్‌ఈడీలు పాడవకుండా స్ట్రిప్ మొదట్లో ప్లస్, మైనస్ వైర్ల మధ్య 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, డేటా వైరుకి (బోర్డు నుంచి రంగుల సిగ్నల్ తెచ్చే వైరు) 330 ఓమ్‌ల రెసిస్టర్ వెయ్యి. సోల్డర్ పెట్టేటప్పుడు సెల్ బయటే ఉండాలి.