నడుము దాకా ఉన్న జుట్టును కత్తిరించేవారికి ఏమని చెప్పాలి?

నడుము దాకా జుట్టు ఉందని, కొసలు మాత్రం కొంచెం తీయమంటే పార్లర్‌లో ప్రతిసారీ ఎక్కువే కత్తిరించేస్తున్నారని, ఎలా చెబితే అర్థమవుతుందని అడిగారు. నాకూ చిన్నప్పటి నుంచి పొడుగు జుట్టే. విజయవాడలోనూ, ఉద్యోగానికి వచ్చాక హైదరాబాద్‌లోనూ రకరకాల పార్లర్లలో కత్తిరించుకున్న అనుభవంతో చెబుతున్నాను. ఎంత తీయాలో చెప్పడం మానేసి, జుట్టు ఎక్కడి దాకా ఉండాలో మీ ఒంటి మీదే వేలు పెట్టి చూపించండి.

దీనికి కారణం ఉంది. నడుము దాకా ఉన్న జుట్టులో మూడు అంగుళాలు పోయినా, చూసేవారికి పెద్ద తేడా కనిపించదు. అందుకే కత్తిరించే అమ్మాయి తన లెక్కలో కొంచెమే తీశాననుకుంటుంది. జుట్టు నెలకు సుమారు అర అంగుళం పెరుగుతుంది కాబట్టి, అనుకోకుండా పోయిన 4 అంగుళాలు తిరిగి రావడానికి దాదాపు 8 నెలలు పడుతుందన్నది మనకు మాత్రమే తెలిసిన బాధ. “జాకెట్టు అంచు కంటే నాలుగు వేళ్లు కిందికి ఉండాలి, అంతకంటే పైకి వెళ్లకూడదు” అంటే మాత్రం ఎవరి లెక్క వారు వేసుకునే వీలుండదు.

ఆ కొలత జుట్టు పొడిగా ఉన్నప్పుడే చూపించాలి. తడి జుట్టు సాగుతుంది, ఆరాక పైకి పోతుంది, ఉంగరాల జుట్టయితే ఇంకా పైకి ముడుచుకుంటుంది. తడిపి దువ్వి అంగుళం తీసినా, ఇంటికి వచ్చేసరికి రెండు అంగుళాలు పోయినట్టు కనిపించేది అందుకే. ముందురోజు తలస్నానం చేసి, నూనె పెట్టకుండా, జడ వేయకుండా వెళ్లడం మంచిది. జడ వంపులు అలాగే ఉన్న జుట్టును కత్తిరిస్తే కొసలు సమానంగా రావు. జుట్టు నడుము దాటితే కుర్చీలో కూర్చోబెట్టి కత్తిరించడం కూడా సరికాదు, ఎందుకంటే కొసలు సీటు మీద మడత పడతాయి. “నేను నిలబడతాను, మీరు స్టూల్ మీద కూర్చుని కత్తిరించండి” అని అడిగితే ఇప్పటివరకు నన్నెవరూ కాదనలేదు. తల వంచకుండా నిటారుగా నిలబడటం మాత్రం మన బాధ్యత.

నాకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చిన మాట ఇంకొకటి ఉంది: “అక్కా, మొదటి పాయ కత్తిరించగానే ఆ ముక్క నా చేతిలో పెట్టండి.” కత్తిరించేవారు జుట్టును చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ పట్టి కిందికి జారుస్తూ వచ్చి, ఒక చోట ఆపి, అక్కడ కత్తెర వేస్తారు. ఆ వేళ్లు ఎక్కడ ఆగాయో వెనక ఏం జరుగుతుందో కనపడని మనకు తెలియదు, చేతిలోకి వచ్చిన ముక్క చెబుతుంది. బొటనవేలి పై కణుపు సుమారు అంగుళం ఉంటుంది, దానితో పోల్చుకుని ఎక్కువైతే అప్పుడే ఆపించవచ్చు. మిగిలిన జుట్టంతా ఆ మొదటి పాయకే సమానం చేస్తారు కాబట్టి, ఆపాల్సిన సమయం అదొక్కటే.

రోజూ జుట్టు ఎలా వేసుకుంటారో కూడా చెప్పాలి. చాలామంది ఇది చెప్పరు, అసలు తేడా మాత్రం ఇక్కడే వస్తుంది. వదులుగా వేసుకునే జుట్టుకు లేయర్స్, స్టెప్ కట్ (పై పాయలు పొట్టిగా, కిందివి పొడుగ్గా మెట్లు మెట్లుగా కత్తిరించడం) అందంగా ఉంటాయి, కానీ మూడు పాయల జడ అల్లేటప్పుడు ఆ పొట్టి వెంట్రుకలు నిలవక జడ పొడవునా బయటికి పొడుచుకొస్తాయి. వి కట్‌లో పక్కల జుట్టు తగ్గి మధ్యలోది మాత్రమే కిందికి మిగలడంతో జడ చివర ఎలుక తోకలా సన్నబడుతుంది. పలుచని జుట్టు ఉండి జడే వేసుకునేవారికి స్ట్రెయిట్ కట్ గానీ, వంపు తక్కువగా ఉన్న యు కట్ గానీ నయమని నా అభిప్రాయం. “జడ వేసుకుంటాను, లేయర్స్ వద్దు, పలుచన చేసే కత్తెర వాడొద్దు” అని ముందే చెప్పేయండి. ఫొటో చూపించాలనుకుంటే, నచ్చినట్టు కుదిరిన రోజున వెనక నుంచి తీయించుకున్న మీ ఫొటోనే చూపించండి. హీరోయిన్ల ఫొటోలలో సవరం ఎంతో, సొంత జుట్టు ఎంతో తెలియదు.

ఎక్కువ తీయాలని కత్తిరించేవారు అంటే, ఒక్కోసారి వాళ్ల మాటలోనూ న్యాయం ఉంటుంది. కొసలు రెండు అంగుళాల పైదాకా చిట్లిపోయి ఉంటే అంగుళం తీసినందువల్ల లాభం లేదు, ఆ చీలిక పైకి పాకుతూనే ఉంటుంది. అలా అన్నప్పుడు ఎక్కడి దాకా చిట్లిందో ఒక పాయ పట్టుకుని చూపించమనండి. నిజమే అనిపిస్తే ఇప్పుడు సగం, మూడు నెలలు ఆగి మిగతా సగం తీయించుకోవచ్చు. పొడవు అసలు తగ్గకూడదనుకుంటే, పాయను మెలితిప్పి బయటికి లేచిన చిట్లిన కొసలను మాత్రమే కత్తిరించమని అడగండి. దానికి సమయం పడుతుంది కాబట్టి ఆదివారాలు కాకుండా, రద్దీ లేని మామూలు రోజున వెళ్లాలి. తిరుమలలో మూడు కత్తెర్లు ఇచ్చి వచ్చినవారు ఆ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే అక్కడ పొట్టిగా ఉన్న పాయను చూసి మొత్తం జుట్టును దానికే సమానం చేస్తారు.

స్పా, స్మూతెనింగ్ వద్దనుకుంటే ఒక్క మాటలో వద్దనండి, కారణాలు చెప్పనక్కరలేదు. తలస్నానం చేయించేటప్పుడు జుట్టంతా నడినెత్తిన పోగు చేసి రుద్దవద్దని, పళ్లు దూరంగా ఉన్న దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీయమని మాత్రం మర్చిపోకుండా చెప్పండి.

డబ్బులు ఇచ్చే ముందు, జుట్టు పూర్తిగా ఆరాక, అక్కడే జడ అల్లి ముందుకు వేసుకుని కొసలు చూసుకోండి. ఎత్తుపల్లాలు ఉంటే ఆ నిమిషంలోనే సరిచేస్తారు, మర్నాడు వెళ్లి అడిగితే మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి.