మైత్రిలో ఒక శీతకాలం, ఒక నీళ్ళ పైపు

అంటార్కిటికా పరిశోధన కేంద్రంలో ఏడాదిపాటు ఉండేవారికి అన్నిటికంటే కష్టమైనది చలియా, చీకటా, ఒంటరితనమా అని అడిగారు. మన దేశపు మైత్రి కేంద్రంలో జనరేటర్లు, నీటి సరఫరా చూసే మెకానిక్‌గా ఒక శీతకాలం గడిపినవాడిగా నా సమాధానం చెబుతాను. నీళ్ళు, కరెంటు ఆగకుండా చూసుకోవడమే అక్కడి అసలు కష్టం. మీరడిగిన మూడూ ఆ రెండింటి తరువాతే వస్తాయి.

మైత్రి 1989లో షిర్మాకర్ ఒయాసిస్ అనే రాతినేల మీద వెలిసింది. అంతకు ముందటి మన కేంద్రం దక్షిణ గంగోత్రి మంచు పలక మీద కట్టినది కావడంతో క్రమంగా మంచులో కూరుకుపోయింది. మైత్రి ఎదుటనున్న ప్రియదర్శిని సరస్సు నుంచే తాగడానికీ, వంటకూ, స్నానానికీ నీరు పంపుతో వస్తుంది. శీతకాలంలో సరస్సు పైభాగం గడ్డకట్టినా అడుగున నీరు ఉంటుంది కాబట్టి, చిక్కంతా మధ్యనున్న పైపుతోనే. ఎంత దళసరి తొడుగు వేసినా, ప్రవాహం కాసేపు ఆగితే చాలు, లోపలి నీరు రాయిలా బిగుసుకుంటుంది.

మే చివరి నుంచి జూలై చివరి వరకు అక్కడ సూర్యుడు ఉదయించడు. మధ్యాహ్నం ఉత్తర దిక్కున కొంత వెలుగు కనిపించి పోతుంది. ఆ రోజుల్లోనే ఒక బ్లిజార్డ్ (మంచు తుఫాను) నడుమ పంపు ఆగింది. చాచిన చేయి కనిపించని ఆ గాలిలోకి ఎవరినీ పంపలేము కనుక, అది తగ్గేదాకా ఆగి, ఒకరినొకరు కనిపెట్టుకుంటూ బయలుదేరేసరికి పైపు గడ్డకట్టిపోయింది. అప్పటికే స్నానాలు, బట్టలుతకడం మానేసి, ట్యాంకులోని నీటిని వంటకూ తాగడానికీ దాచాము. నన్ను లోలోపల వేధించినది దాహం కాదు, నిప్పు అంటుకుంటే ఆర్పడానికి నీళ్ళు చాలవన్న ఆలోచన. గాలి అతిపొడిగా ఉండే ఆ ఖండంలో అగ్నిప్రమాదానికి మించిన భయం లేదు. 2012లో బ్రెజిల్ దేశపు కమాండాంటె ఫెరాజ్ కేంద్రం కాలిపోయి ఇద్దరు మరణించిన సంగతి జనరేటర్ల దగ్గర పనిచేసే ప్రతివాడికీ తెలుసు.

హెడ్‌ల్యాంపు వెలుగులో పైపును తడుతూ వెళ్ళి, మొద్దుగా పలికిన ప్రతిచోటా తొడుగు కోసి, హాట్ ఎయిర్ బ్లోయర్‌తో వేడి పెట్టాము. చేతి తొడుగు ఉంటే నట్టు పట్టు దొరకదు, తీస్తే నిమిషాల్లో వేళ్ళు చచ్చుబడతాయి. అందుకే వంతులు వేసుకున్నాము. డాక్టరుగారు లైటు పట్టుకున్నారు, వాతావరణ శాస్త్రవేత్త కేబుల్ మోశారు, వంటాయన ఫ్లాస్కులో టీ తెచ్చి తానూ రెంచీ అందుకున్నారు. అప్పటికి చాలాకాలంగా మాట్లాడుకోని ఇద్దరు సభ్యులు అదే పైపుకు చెరోవైపు కూర్చుని పనిచేశారు. నీరు పారిన తరువాత కూడా వారిద్దరూ మాట్లాడుకోలేదు, కాని ఆ రాత్రి పని విడిచి ఎవరూ లోపలికి వెళ్ళలేదు. ఇలాంటి చోట స్నేహం కంటే ఇదే ఎక్కువ అవసరమని నా గట్టి నమ్మకం.

మైత్రికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే రష్యా వారి నొవొలాజరెవ్‌స్కయా కేంద్రం ఉంది. 1961 ఏప్రిల్ 30న అక్కడి డాక్టరు లియోనిద్ రొగొజోవ్, వేరే వైద్యుడు లేకపోవడంతో, తన అపెండిక్స్‌ను తానే కోసి తీసుకున్నారు. ఆ ధైర్యానికి చేతులెత్తి మొక్కవలసిందే. అయితే ఆయనకు ఎదుట అద్దం పట్టుకున్నది ఒక మెకానిక్, పరికరాలు అందించినది ఒక వాతావరణ శాస్త్రవేత్త. వారి పేర్లు ఎంతమందికి తెలుసు?

మన పత్రికల తీరూ అంతే. శాస్త్రవేత్తల ఫొటో, పక్కన ఒక పెంగ్విన్ బొమ్మ వేస్తే వ్యాసం అయిపోతుంది. మైత్రి సముద్రపు అంచుకు దాదాపు 100 కిలోమీటర్ల లోపల ఉంది. అక్కడ పెంగ్విన్ల కాలనీ ఏదీ లేదు. తిరిగి వచ్చాక బంధువులందరూ నన్ను పెంగ్విన్ల గురించే అడిగారు. అంతమందికి నీళ్ళెక్కడివని ఒక్కరూ అడగలేదు, నాకు అది నిజంగా బాధ కలిగించింది.

మీరు అడిగింది వెళ్ళే ఉద్దేశంతోనైతే, పీహెచ్‌డీ లేదని వెనుకాడకండి. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం మెకానిక్‌లు, ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లు, వంటవారి కోసం కూడా ప్రకటనలు ఇస్తుంది. మన ఊళ్ళలో ఐటీఐ చదివి ఖాళీగా ఉన్న పిల్లలకు ఈ మాట చెప్పేవారు లేరు. మీకు తెలిసిన వారెవరైనా ఉంటే ఆ ప్రకటనలు చూడమని చెప్పండి.