బ్రౌన్ ‘అన్నారు’, స్మిత్ ‘అన్నాడు’: ఇలా రాయవచ్చా?

సందేహం: మా డిగ్రీ విద్యార్థుల కోసం చినువా అచేబే నవల ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ కథను తెలుగులో క్లుప్తంగా రాసిస్తున్నాను. అందులో ఇద్దరు మిషనరీలు వస్తారు. నైజీరియాలోని ఇగ్బో ప్రజల నమ్మకాలను గౌరవించిన బ్రౌన్‌కు ‘ఆయన అన్నారు’ అని, వాటిని ఈసడించుకున్న స్మిత్‌కు ‘అతను అన్నాడు’ అని రాశాను. ఊరివాళ్లందరికీ ‘అన్నాడు’ అనే వాడాను. ఇది తప్పని మా తోటి అధ్యాపకుడు అంటున్నారు. నిజమేనా? అలాగే, ఎగ్వుగ్వులు (పూర్వికుల ఆత్మలుగా ముసుగులు వేసుకుని వచ్చేవాళ్లు) ‘వచ్చాయి’ అనాలా, ‘వచ్చారు’ అనాలా?

సమాధానం: వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. ‘ఆయన’కు ‘అన్నారు’, ‘అతను’కు ‘అన్నాడు’ చక్కగా కుదిరాయి. ఇబ్బంది కథ దగ్గర వస్తోంది. 1958లో ఈ నవల రాసిన అచేబే ఇగ్బోల బిడ్డ. తండ్రి చర్చి మిషన్‌లో మతబోధకుడు. రెండు వైపులూ ఇంట్లోనే చూసిన మనిషి కాబట్టి ఎవరికి ఎంత మర్యాద దక్కాలో పాత్రల పనుల్లోనే చూపించాడు. ఇంగ్లిష్ క్రియకు ఆ భారం లేదు. తెలుగులో మాత్రం క్రియ చివరి అక్షరం పడగానే తీర్పు చెప్పినట్టవుతుంది.

బ్రౌన్, అకున్నాల సంభాషణ చూడండి. అకున్నా ఆ ప్రాంతంలో పెద్దమనిషి. బ్రౌన్ అతని ఇంటికి వెళ్లి, దుబాసీని పక్కన పెట్టుకుని గంటల తరబడి దేవుడి గురించి మాట్లాడతాడు. చెక్కిన కొయ్యను దేవుడంటారేమని బ్రౌన్ ఇకెంగా అనే కొయ్య దేవతా బొమ్మను చూపించి అడిగితే, అవును అది కొయ్యే, ఆ చెట్టును పుట్టించింది అందరికన్నా పెద్ద దేవుడు చుక్వు, చిన్న దేవతలు ఆయన దూతలు, మీ చర్చి పెద్ద మిమ్మల్ని పంపినట్టే కదా అంటాడు అకున్నా. ఎవరూ ఎవరి మతంలోకీ రారు. ఇద్దరికీ అవతలివాడి విశ్వాసం కాస్త తెలుస్తుంది. ఈ ఘట్టంలో ‘బ్రౌన్ అడిగారు, అకున్నా చెప్పాడు’ అని రాస్తే, సమానంగా కూర్చున్న ఇద్దరిలో ఒకరిని కుర్చీలోనూ ఇంకొకరిని నేల మీదా కూర్చోబెట్టినట్టే. మీకు ఆ ఉద్దేశం లేదని తెలుసు. బ్రౌన్ పేరు వినగానే మన చెయ్యి మర్యాద వైపు మొగ్గడం సహజం. నిఘంటువు కూర్చి పద్యాలు సేకరించిన సి.పి. బ్రౌన్ మీద మనకున్న కృతజ్ఞత అలాంటిది. ఆ బ్రౌన్ కంపెనీ ఉద్యోగి, ఈ బ్రౌన్ కథలోని మిషనరీ. ఒకరి గౌరవం ఇంకొకరికి బదిలీ కాకూడదు.

ఇంకో సంగతి. మీ వాడుకలో ‘అన్నారు’ బ్రౌన్‌ను మరీ మంచివాణ్ని చేస్తుంది. అతను మంచివాడే. పవిత్రమైన కొండచిలువను చంపి తిన్నాడని పేరుపడ్డ ఎనొక్ లాంటి, కొత్తగా మతం మారిన అత్యుత్సాహపరులను అదుపులో పెట్టాడు. ఊరి పెద్దలు చెక్కిన ఏనుగు దంతం బహూకరించేంత అభిమానం సంపాదించాడు. కానీ ఎదురు దాడి పనికిరాదని గ్రహించే బడి, చిన్న ఆసుపత్రి కట్టించాడు. పిల్లల్ని బడికి పంపండని ఇల్లిల్లూ తిరిగాడు. కథానాయకుడు ఒకాంక్వో కొడుకు న్వోయె ఐజాక్‌గా మారి ఉపాధ్యాయ శిక్షణకు వెళ్లింది బ్రౌన్ కాలంలోనే. మతం మార్చాలన్న లక్ష్యం ఇద్దరిదీ ఒకటే, దారులే వేరు. క్రియను విడదీస్తే విద్యార్థికి ఈ పోలిక కనపడదు.

బ్రౌన్ తర్వాత వచ్చిన స్మిత్ విషయంలో అంతకన్నా ఎక్కువ జాగ్రత్త కావాలి. అతనికి లోకమంతా వెలుగూ చీకటీ, మధ్యలో ఏమీ లేదు. పాత ఆచారం ప్రకారం చనిపోయిన బిడ్డ శవాన్ని భర్త కోయడానికి ఒప్పుకుందని ఒక తల్లిని సంఘం నుంచి సస్పెండ్ చేస్తాడు. అతని అండ చూసుకునే ఎనొక్ ఎగ్వుగ్వు ముసుగు లాగేసేంతకు తెగిస్తాడు. కానీ ఎగ్వుగ్వులు చర్చి మీదికి వచ్చినప్పుడు స్మిత్ పారిపోడు, గుమ్మంలో నిలబడతాడు. ఇది కూడా రాయాలి. ఈ క్రౌర్యాన్నీ ఈ ధైర్యాన్నీ ఒకే రకం క్రియతో చెప్పగలిగితే మనిషి పూర్తిగా కనిపిస్తాడు.

అందువల్ల నా సలహా: అందరికీ ‘అతను, అన్నాడు’ వాడండి. అది అగౌరవం అవుతుందేమోనని టెన్షన్ వద్దు. ‘నన్నయ రాశాడు, తిక్కన అన్నాడు’ అనే మన సాహిత్య విమర్శలో రాస్తున్నాం. ‘ఆయన’ వాడితే అకున్నాకూ ఒకాంక్వోకూ కూడా వాడండి.

రెండో ప్రశ్న నాకు మరీ నచ్చింది. బహువచనంలో తెలుగు మనుషులకు ‘-రు’, మిగతావాటికి ‘-యి’ పెడుతుంది. ‘దయ్యాలు వచ్చాయి’ అంటాం, ‘దేవతలు వచ్చారు’ అంటాం. ఎగ్వుగ్వులు ముసుగు వేసుకున్న మనుషులే. ఊరికి మాత్రం వాళ్లు తిరిగి వచ్చిన పూర్వికులు. తొమ్మిది మంది ఎగ్వుగ్వుల్లో ఒకరి నడక ఒకాంక్వో నడకలా ఉందని అతని భార్యలు గమనించి ఉండవచ్చు, కానీ బయటపెట్టరు. మన బోనాల్లో రంగం చెప్పేది ఒక మనిషే అయినా ‘అమ్మవారు పలికింది’ అంటారు కదా, ఆ విశ్వాసమే ఇక్కడా ఉంది. స్మిత్ అయితే ‘వచ్చాయి’ అంటాడు. కథకుడిగా మీరు ‘వచ్చారు’ అని రాయండి. స్మిత్ మనసులోని మాటగా రాసేచోట మాత్రం ‘వచ్చాయి’ ఉంచండి. వాళ్ల నాయకుడు అజోఫియా స్మిత్‌తో, నీ అన్న బ్రౌన్ కోసం నిన్ను విడిచిపెడతాం, అతను కట్టిన గుడిని మాత్రం ఉంచం అంటాడు. ఆ మాటకు కూడా ‘అంటాడు’ చాలు.