పెళ్లి ఫొటోలకు ఏ కెమెరా కొనాలి? ముందు మీ ఊళ్లో ఎవరి దగ్గర ఏముందో చూడండి

మీరు అడిగింది ఇది: బీటెక్ అయిపోయింది, పెళ్లి ఫొటోగ్రఫీలోకి రావాలనుంది, చేతిలో లక్షన్నర ఉంది. కొత్త మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) బాడీని, అంటే కెమెరాని, దాంతోపాటు ఇచ్చే కిట్ లెన్స్‌తో కొననా, సెకండ్ హ్యాండ్ ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్నది) కొననా?

నన్నడిగితే ఇంకా ఏదీ కొనకండి. ముందు మీ ఊళ్లో, పక్క ఊళ్లలో ఆర్డర్లు చేసే నలుగురైదుగురు ఫొటోగ్రాఫర్ల దగ్గరికి వెళ్లి, వాళ్ల బ్యాగుల్లో ఏ కంపెనీ ఉందో చూసి రండి. ఎక్కువమంది దగ్గర ఏది ఉంటే మీరూ అదే తీసుకోండి. ఈ మాట ఏ రివ్యూలోనూ చెప్పరు. నాకు మాత్రం ఒక రాత్రి, అమలాపురం దగ్గర ఒక పల్లెటూళ్లో తెలిసొచ్చింది.

2015 ఫిబ్రవరి, మాఘ మాసం. సొంతంగా ఒప్పుకున్న మూడో ఆర్డర్ అది. నా దగ్గర నికాన్ డి5300, దాంతో వచ్చిన 18-55 కిట్ లెన్స్, ఒక ఫ్లాష్ ఉన్నాయి. పెళ్లికూతురి తరఫున క్యాండిడ్ ఫొటోలు, అంటే ఎవరినీ నిలబెట్టకుండా సహజంగా తీసేవి, నావి. మామూలు ఫొటోలకు, అంటే బంధువులందరినీ నిలబెట్టి తీసేవాటికి, మండపేట వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ముప్పై ఏళ్లుగా స్టూడియో నడుపుతున్న మనిషి. అందరూ ఆయన్ని స్టూడియో బాబాయ్ అనేవాళ్లు.

ముహూర్తం రాత్రి 2:26కి. కొబ్బరితోటలో తాటాకు పందిరి. పైన తెల్లటి సీలింగ్ లేదు కాబట్టి ఫ్లాష్ పైకి తిప్పి కొడితే వెలుగు ఎటో పోతోంది. నేరుగా కొడితే ముఖాలు సున్నం వేసిన గోడల్లా వస్తున్నాయి. వీడియో వాళ్ల లైటు ఉంది కదా అన్న ధైర్యంతో ఫ్లాష్ తీసి పక్కన పెట్టేశాను. సరిగ్గా జీలకర్ర-బెల్లానికి పది నిమిషాల ముందు కరెంటు పోయింది. జనరేటర్ ఎంత లాగినా అందుకోవడం లేదు. మండపం దగ్గర రెండు ఎమర్జెన్సీ లైట్లు, దీపాలు, అంతే. ముహూర్తం ఆగదు కదా, పురోహితుడు గారు మంత్రాలు చదువుతూనే ఉన్నారు.

కిట్ లెన్స్‌ని పూర్తిగా జూమ్ చేసి 55 దగ్గరికి లాగితే అపర్చర్, అంటే వెలుగు లోపలికి వచ్చే రంధ్రం, 5.6 కంటే తెరుచుకోదు (ఈ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుగు). ఐఎస్ఓ (తక్కువ వెలుగులో తీయడానికి పెంచేది) 6400 పెట్టినా షట్టర్ సెకనులో పదో వంతు దగ్గర ఆగిపోయింది. ఆ స్పీడులో మనిషి ఊపిరి పీల్చినా ఫొటో చెదురుతుంది. వరసగా ఇరవై తీశాను. ఒక్కదాంట్లోనూ పెళ్లికూతురి కళ్లు లేవు. చేతులు వణకడం మొదలైంది. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

బాబాయ్ నా వెనకే నిలబడి స్క్రీన్ చూశారు. "ఏ కంపెనీ అబ్బాయ్ నీది? నికానేగా?" అన్నారు. అవునన్నాను. చొక్కా జేబులోంచి ఒక చిన్న లెన్స్ తీసి నా చేతిలో పెట్టారు. నికాన్ 50 ఎంఎం 1.8డి. వేళ్ల మధ్య ఇమిడిపోయేంత ఉంది. తగిలించాను. షట్టర్ నొక్కితే పడటం లేదు, ఏదో ఎర్రర్ చూపిస్తోంది. ఆయనే చెయ్యి చాపి లెన్స్ మీది అపర్చర్ రింగు 22కి తిప్పి లాక్ చేశారు. ఎర్రర్ పోయింది. ఇప్పుడు ఫోకస్ తిరగడం లేదు. ఎందుకంటే ఆ డి రకం లెన్సుల్లో ఫోకస్ తిప్పే మోటార్ ఉండదు, బాడీలో ఉండాలి. ఆయన డి7000లో ఉంది, నా డి5300లో లేదు. కొనేటప్పుడు ఈ సంగతి షాపులో ఎవరూ చెప్పలేదు, నాకు అడగాలనీ తెలియలేదు. "చేత్తో తిప్పు. కన్ను పెట్టి చూసే చోట కింద మూల చుక్క వెలిగి నిలబడితే కుదిరినట్టు" అన్నారు.

అలాగే తీశాను. 1.8కి, 5.6కి తేడా చిన్నది కాదు, సుమారు తొమ్మిదిన్నర రెట్లు వెలుగు ఎక్కువ వస్తుంది. పదో వంతు సెకను దగ్గరున్న షట్టర్ వందో వంతుకు వచ్చింది. అడ్డుతెర దించారు. అరవై దాకా ఫ్రేములు తీస్తే తొమ్మిదింట్లో ఫోకస్ సరిగ్గా కూర్చుంది. వాటిలో ఒకటి, పెళ్లికొడుకు చెయ్యి ఆమె తల మీద, దీపం వెలుగులో ఆమె కళ్లు పైకెత్తి చూస్తున్న ఫొటో, ఇప్పటికీ వాళ్ల హాల్లో గోడ మీద ఉంది. ఆ ఫొటో చూసి నాకు ఇంకో నాలుగు ఆర్డర్లు వచ్చాయి.

నాది వేరే కంపెనీ బాడీ అయ్యుంటే బాబాయ్ జేబులోని లెన్స్ నాకు ఎందుకూ పనికొచ్చేది కాదు. అందుకే ముందు చుట్టూ చూడండి అంటున్నాను. నికాన్, కెనాన్, సోనీ ఫొటోల మధ్య తేడా పెళ్లివారికి కనబడదు. అర్ధరాత్రి బ్యాటరీ అయిపోయినప్పుడు పక్కవాడి బ్యాటరీ మీ కెమెరాలో పడుతుందా లేదా అన్నది మాత్రం మీ ఆర్డర్ నిలబెడుతుంది.

లెన్స్ గురించి నా మాట ఖాయం: మొదటి లెన్స్ 1.8 ప్రైమ్, అంటే జూమ్ లేనిది, అయి ఉండాలి. క్రాప్ బాడీ (చిన్న సెన్సర్ ఉన్నది) అయితే 35, ఫుల్‌ఫ్రేమ్ అయితే 50. క్రాప్ బాడీ మీద 50 పెడితే నికాన్, సోనీల్లో 75 లాగా, కెనాన్‌లో 80 లాగా ఇరుకుగా కనిపిస్తుంది. మన మండపాల దగ్గర వెనక్కి జరగడానికి చోటెక్కడిది? వెనక వీడియో ట్రైపాడ్, దాని వెనక కుర్చీలు, కుర్చీల ముందు ఫోన్లు పట్టుకుని నిలబడ్డ మేనమామలు. ఆ పెళ్లయిన వారానికే నేను మోటార్ ఉన్న 35 1.8 కొన్నాను. రెండేళ్లు సగం పని దాంతోనే చేశాను. 70-200 2.8 పెద్ద జూమ్ లెన్స్ జోలికి మొదటి రెండేళ్లు పోవద్దు. చేతిలో ఉంటే దర్జాగా ఉంటుంది, నిజమే. కానీ కిలోన్నర బరువు, తెల్లారేసరికి భుజం పట్టేస్తుంది. రిసెప్షన్‌కి కావాలంటే అద్దెకు తెచ్చుకోండి.

బాడీకొస్తే, రెండు కార్డులు పట్టేది కాకపోతే పెళ్లికి తీసుకెళ్లకండి. ఇందులో నేను ఎవరి మాటా వినను. 2018లో ఒక రిసెప్షన్లో నా కార్డు ఒకటి చదవడం మానేసింది. అవే ఫొటోలు రెండో కార్డులోనూ పడుతున్నాయి కాబట్టి బతికిపోయాను. తలంబ్రాలు మళ్లీ పోయించలేం కదా. అదే ఏడాది వచ్చిన నికాన్ జెడ్6, కెనాన్ ఈఓఎస్ ఆర్ రెండూ ఒకే స్లాట్‌తో వచ్చాయి. కొత్తదని మురిసిపోతే ఇలాంటి చోట దెబ్బ తగులుతుంది. రెండు స్లాట్లున్న పాతవి చూసుకోండి: నికాన్ డి750, కెనాన్ 5డి మార్క్ 3, సోనీ ఏ7 3. నేను 2017లో సెకండ్ హ్యాండ్ డి750 తీసుకున్నాను, ఇప్పటికీ పని చేస్తోంది.

సెకండ్ హ్యాండ్ అంటే భయం అక్కర్లేదు, చూడటం తెలియాలి. డి750 షట్టర్‌ని లక్షన్నర క్లిక్కుల దాకా పరీక్షించామని కంపెనీ చెప్పింది. పెళ్లికి రెండున్నర వేల క్లిక్కులు వేసుకుంటే అరవై పెళ్లిళ్లు. కాబట్టి ఎన్ని క్లిక్కులు అయ్యాయో చూడకుండా బేరం మొదలుపెట్టకండి. లెన్స్ అయితే ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి లోపలికి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్, వదిలేయండి. మా గోదావరి గాలికి నెల రోజులు బ్యాగులో మూసి పెడితే చాలు, పట్టేస్తుంది. ఒక్కరోజు పనైనా సరే హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ దాకా వెళ్లి నాలుగు షాపులు తిరిగి, చేత్తో పట్టుకుని చూసి కొనండి. బిల్లు లేకుండా తక్కువకిస్తాం అంటే లేచి వచ్చేయండి.

ఈఎంఐ మాత్రం వద్దు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, మూఢంలో ఉండవు. ఈఎంఐకి అవేమీ తెలియవు. నాతోపాటు మొదలుపెట్టిన ఒక స్నేహితుడు మంచి చెయ్యి ఉన్నవాడు. ఖరీదైన బాడీ ఈఎంఐలో తీసుకుని, మూడు నెలలు ఆర్డర్లు లేక దాన్ని సగం ధరకు అమ్మేసి వేరే ఉద్యోగంలో చేరిపోయాడు. తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఏ కెమెరా కొన్నా ఈ స్టేజీ లైటింగ్ వాళ్లు పెట్టే ఊదా రంగు ఎల్ఈడీలను గెలవలేదు. మధుపర్కాల తెల్ల చీర నీలంగా, పసుపు రాసిన ముఖం గులాబీగా మారిపోతుంది. రా ఫైల్ (కెమెరా పట్టింది పట్టినట్టు దాచే ఫైల్) ఉందిగా, తర్వాత సరిచేద్దాం అనుకుంటారు. ఒక రంగు పూర్తిగా నిండిపోయాక అందులో సరిచేయడానికి ఏమీ మిగలదు. కాబట్టి ముహూర్తం టైముకి మండపం మీద మామూలు వెలుగు వేయండి అని పెళ్లివారితో అడ్వాన్స్ తీసుకునే రోజే చెప్పేయండి. సైలెంట్ షట్టర్ (చప్పుడు లేకుండా తీసే పద్ధతి) కూడా ఆపేయండి, ఆ లైట్ల కింద ఫొటో నిండా చారలొస్తాయి. షట్టర్ వందో వంతు దగ్గర పెడితే చాలావరకు పోతాయి.

లక్షన్నరలో సగానికి మించి బాడీకి పెట్టకండి. మిగతాది ప్రైమ్ లెన్స్, ఒక ఫ్లాష్, నాలుగు కార్డులు, రెండు బ్యాటరీలు. కొంత చేతిలో ఉంచుకోండి, మొదటి ఆర్డర్లకు రెండో బాడీ అద్దెకు తెచ్చుకోవాలి కదా.

బాబాయ్ 50 లెన్స్ ఆ తెల్లవారే తిరిగిచ్చేశాను. కిందటేడాది ఆయన మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి నా 85 లెన్స్ కావాలని ఫోన్ చేశారు, నేనే బండి మీద తీసుకెళ్లి ఇచ్చి వచ్చాను.

మీది ఏ ఊరో రాయలేదు. రాజమండ్రి చుట్టుపక్కలైతే ఏమీ కొనకముందే ఒకసారి నాతో పెళ్లికి రండి, నా రెండో బాడీ మీ చేతికిస్తాను. పగలు ముహూర్తం వద్దు, రాత్రిదే చూసుకుని రండి.