టైల్ ఎత్తి చూడని నిపుణుడి నివేదికకు విలువ ఇవ్వకండి

"కొత్త దుకాణంలో వేయించిన టైల్స్ ఏడాది తిరగకుండానే లేచిపోయాయి, కంపెనీ ఇంజనీరు నేల చెమ్మే కారణమని నివేదిక ఇచ్చారు, దానికి ఎదురు చెప్పగలమా?" అని మీరు అడిగారు. నిస్సందేహంగా చెప్పగలరు. బరంపురంలో మా పట్టుచీరల దుకాణంలోనూ అచ్చం ఇదే జరిగింది.

గల్లాపెట్టె ముందు వరుసలో టైల్స్ అంచులు ఒకదాన్నొకటి నెట్టుకుని గుడారంలా పైకి లేచాయి. కాంట్రాక్టరు తీసుకొచ్చిన ఇంజనీరు ఒక్క టైలునైనా కదపకుండానే, గోపాలపురం సముద్రం దగ్గర కనుక నేలలోంచి చెమ్మ ఎక్కుతోందని రాసి సంతకం పెట్టి వెళ్లారు. ఆ నివేదికలో ఒక్క ఫొటో లేదు, ఒక్క కొలత లేదు. ఫీజు ఇచ్చినవారికి అనుకూలంగా రాసిన కాగితాన్ని నిపుణుల అభిప్రాయం అనడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మేము ఇచ్ఛాపురం నుంచి ఒక విశ్రాంత ఇంజనీరు గారిని పిలిపించుకున్నాం. పరీక్ష జరిగే తేదీ తెలుపుతూ కాంట్రాక్టరుకు ముందుగా రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపమన్నారు. ఆ రోజు కాంట్రాక్టరు మేస్త్రీ ఎదుటే, వీడియో తీస్తుండగా, కర్ర పిడితో నేలంతా తట్టి డొల్లగా మోగిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టి, వాటిలో ఒక టైలును జాగ్రత్తగా ఎత్తించారు. దాని వెనకవైపు అప్పుడే పెట్టెలోంచి తీసినంత శుభ్రంగా ఉంది, అచ్చుపోసిన గీతలు కూడా చెదరలేదు. టైలు కింద నేల మీద నాలుగు మూలల్లో, నడుమ ఒక్కో ముద్ద సిమెంటు తప్ప మిగిలినదంతా ఖాళీయే. విట్రిఫైడ్ టైలు పీల్చే నీరు అర శాతం కూడా ఉండదు కనుక వట్టి సిమెంటు పాలు (నీళ్లలో పలుచగా కలిపిన సిమెంటు) దానికి గట్టిగా పట్టవనీ, టైల్ గమ్ము వెనక అంతటా పరచాలనీ, గోడల వెంట సందు వదలకపోతే వేడికి వ్యాకోచించిన టైల్స్ పైకే లేస్తాయనీ ఆయన ఓపికగా వివరించారు. చెమ్మ వాదన తేల్చడానికి, టైల్ తీసిన చోట పదునెనిమిది అంగుళాల ప్లాస్టిక్ కాగితాన్ని నలువైపులా టేపుతో అంటించి, పదహారు గంటలకు పైగా ఉంచి తీశారు. దాని కింద ఒక్క నీటి చుక్క లేదు, కాంక్రీటు రంగు మారలేదు.

నిపుణుడి మాట వేదవాక్కు కాదని, తన అభిప్రాయం సరైనదో కాదో న్యాయమూర్తి పరీక్షించుకోవడానికి ఆధారాలు చూపాలని 1999లో హిమాచల్ ఆపిల్ తోటల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మా ఇంజనీరు గారి ఫొటోలు, కొలతలు చూశాక కాంట్రాక్టరు విషయాన్ని వినియోగదారుల కమిషన్ దాకా రానివ్వకుండా తన ఖర్చుతోనే నేల మళ్లీ వేయించాడు.

మీరు కమిషన్‌కు వెళ్తే, దుకాణం వ్యాపారం కనుక మీరు వినియోగదారులే కారని కంపెనీ వకీలు వాదిస్తారు. స్వయం ఉపాధితో జీవనోపాధికే నడుపుకునేవారికి 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే మినహాయింపు ఉంది. పక్కా బిల్లు అడిగితే ముఖం చిట్లించే కాంట్రాక్టర్లు మా వైపు ఎక్కువ, అయినా పట్టుబట్టి తీసుకోండి. బిల్లు, టైల్స్ పెట్టెల మీది బ్యాచ్ నంబర్లు భద్రపరచండి. నిపుణుడు చూసేదాకా లేచిన టైల్స్ తీసి పారేయకండి. ఫిర్యాదుకు గడువు రెండేళ్లే, రాజీ మాటలతో దాన్ని దాటిపోనివ్వకండి.