ముల్లు ముట్టుకోవద్దు

విజయవాడ, గవర్నరుపేట.

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం నిన్న అందింది. గుంటూరులో పాత ఇళ్ల గోడ గడియారాలు, అరండల్‌పేట వాచీ రిపేరు దుకాణాలు, బామ్మల బీరువాల్లో పడి ఉన్న చేతి గడియారాలు అన్నీ ఫొటోలు తీయాలనుకుంటున్నానని రాశావు. రెండుసార్లు చదువుకున్నాను. నలభై ఏళ్లు స్టూడియో నడిపాను. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫొటోలు ఇల్లు గడిపాయి. నా కోసం నేను తీసుకున్నవి మాత్రం గడియారాలే. అందుకే నాకు తెలిసిందంతా నీకు చెప్పాలనిపిస్తోంది.

అన్నిటికంటే ముందు ఒక మాట. ఎవరి ఇంటి గడియారమైనా సరే, ముల్లు ముట్టుకోవద్దు.

వన్‌టౌన్‌లో ఒక బట్టల వ్యాపారి ఇంట్లో టేకు పెట్టెలో అమర్చిన పాత లోలకం గడియారం ఉండేది. గంటలు కొట్టేది. నేను వెళ్లేసరికి సాయంత్రం ఐదవుతోంది. వాచీల ప్రకటనల్లో ముళ్లు పదీ పది దగ్గర ఉంటాయి చూడు, అలా ఉంటే అందంగా ఉంటుందనుకుని పెద్ద ముల్లును వెనక్కి తిప్పాను. ఫొటో అయ్యాక గబగబా ముందుకు తిప్పేశాను. మర్నాడు ఉదయం కబురొచ్చింది, గడియారం ఆరింటికి తొమ్మిది కొడుతోందని. అలాంటి పాత గడియారాల్లో గంటల లెక్క చూసేది గాట్లు పెట్టిన ఒక చక్రం. ముల్లు ఎక్కడుందో దానికి తెలియదు. కిందటిసారి కొట్టినదాని తర్వాత ఈసారి ఎన్ని కొట్టాలో అదొక్కటే దానికి తెలుసు. మధ్యలో గంటలు కొట్టనివ్వకుండా ముల్లు తిప్పితే లెక్క తప్పుతుంది. రిపేరు చేసే ఆయన్ని నేనే తీసుకెళ్లి బాగుచేయించాను. కానీ ఆ ఇంటి పెద్దావిడ ఆ గంటలు లెక్కపెట్టుకునే రోజూ పొద్దున్నే లేచేవారట. ఆవిడ నన్ను ఏమీ అనలేదు. ఆ మౌనం నాకిప్పటికీ గుర్తుంది.

ఇంతా చేసి ఆ ఫొటో కూడా పనికిరాలేదు. పడమటి కిటికీలోంచి సాయంత్రపు ఎండ ఏటవాలుగా గాజు మీద పడుతోంది. ముళ్లు చూస్తే పదీ పది. చూసినవాళ్లు ఏది తేడాగా ఉందో చెప్పలేకపోయినా, ఆ బొమ్మను నమ్మరు. పదీ పది అనేది వస్తువు అమ్మేవాళ్ల అలవాటు. రెండు ముళ్లు చెరో పక్కకు సమానంగా విచ్చుకుని పన్నెండు కింద ఉన్న కంపెనీ పేరును కనబడనిస్తాయి, అంతే. నీకు ఆ భంగిమే కావాలంటే ఆ వేళకే వెళ్లు. రోజుకు రెండుసార్లు వస్తుంది.

మొదటిసారి ఏ ఇంటికి వెళ్లినా కెమెరా సంచిలోంచి తీయకు. కాఫీ ఇస్తే తాగు. గడియారం ఎవరు తెచ్చారో, కీ ఎవరిస్తారో, ఏ వారం ఇస్తారో అడుగు. కిటికీ వెలుగు డయల్ మీదికి ఏ వేళకు వస్తుందో చూసి రాసుకో. రెండోసారి ఆ వేళకు పావుగంట ముందు వెళ్లి కూర్చో. ఈ పనిలో సగం ఎదురుచూడటమే.

గాజు నిన్ను ఏడిపిస్తుంది. నీ మొహం, నీ కెమెరా, వెనకాల ట్యూబులైటు అన్నీ అందులో కనబడతాయి. రెండు గజాల నల్ల గుడ్డ కొనుక్కుని, నడిమధ్య లెన్సు పట్టేంత కన్నం చేసి, దాని వెనక నుంచి తీయి. వెలుగు పక్క నుంచి రావాలి. మరీ ఎండగా ఉంటే కిటికీకి పలచటి తెల్ల పంచె కట్టు. నేను వేలు పోసి కొన్న గొడుగు లైట్లకన్నా ఆ పంచె ఎక్కువ పనిచేసింది. దుమ్మును నోటితో ఊదకు, తుంపర పడుతుంది. రబ్బరు బుడ్డితో కొట్టు.

కెమెరా డయల్‌కు సరిగ్గా ఎదురుగా ఉండాలి. ముళ్లు డయల్‌కు కాస్త ఎత్తులో ఉంటాయి కాబట్టి పక్క నుంచి తీస్తే ఒక నిమిషం అటో ఇటో కనబడుతుంది. గడియారం సరిగ్గానే ఉన్నా నీ ఫొటో తప్పు సమయం చెబుతుందన్నమాట. లోలకం ఊగేది పట్టాలంటే ట్రైపాడ్ మీద పెట్టి ఒకటి రెండు సెకన్లు షట్టర్ తెరిచి ఉంచు. రెండు చివర్లా ఆగి వెనక్కి తిరుగుతుంది కనుక అక్కడ బింబం చిక్కగా పడుతుంది, నడుమ పొగలా ఉంటుంది. నేను మొదటిసారి ఆ బొమ్మ డెవలప్ చేసిన రాత్రి నిద్రపోలేదు.

చేతి గడియారాల దగ్గర ఇంకొంచెం ఓపిక కావాలి. నీకు మీ తాతయ్య హెచ్‌ఎంటీ జనతా పంపిస్తున్నాను. జపాన్ సిటిజన్ కంపెనీ తోడ్పాటుతో 1961లో బెంగళూరులో మొదలైన వాచీల తయారీ నుంచి వచ్చినది. ఒకప్పుడు పెళ్లికొడుకు చేతికి అది లేకపోతే అలిగేవాళ్లు. రోజూ పొద్దున ఒకే వేళకు కీ ఇవ్వు, గట్టిపడగానే ఆపు. దాని సెకన్ల ముల్లు సెకనుకు ఐదు చిన్న అడుగులు వేస్తుంది. అర సెకను షట్టర్ ఇస్తే చివర విసనకర్రలా విచ్చుకుంటుంది. బ్యాటరీ వాచీ అలా కాదు. లోపల స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపించినా ముల్లు మాత్రం ఒక్కసారే గెంతుతుంది. గెంతిన వెంటనే నొక్కితే పదునుగా వస్తుంది. దగ్గరగా తీసేటప్పుడు అపర్చర్, అంటే లెన్సులో వెలుగు వచ్చే కంత, ఎఫ్ ఎనిమిదికో పదకొండుకో పెట్టు. అంతకంటే మూస్తే బొమ్మ పదును తగ్గి మళ్లీ మెత్తబడుతుంది.

అంకెల గడియారాలతో రెండు చిక్కులున్నాయి. రైల్వే స్టేషన్లలోని ఎర్ర అంకెల బోర్డులను వేగమైన షట్టర్‌తో తీస్తే సగం అంకెలు మాయమవుతాయి. అవి మన కంటికి తెలియనంత వేగంగా వెలిగి ఆరుతుంటాయి. ముప్పయ్యో వంతు సెకనుకు దిగు. స్టేషన్లో అనుమతి అడిగే తీయి. ఇక బూడిదరంగు తెర ఉన్న అంకెల వాచీకి పోలరైజర్ ఫిల్టర్ (లెన్సు ముందు పెట్టే, మెరుపులు తగ్గించే అద్దం) పెట్టి తిప్పితే ఒక కోణంలో తెర మొత్తం నల్లబడుతుంది. వాచీ పాడైందని కంగారు పడకు.

గడియారాలతోనే ఆగకమ్మా. ఆ మాటే గడియ నుంచి వచ్చింది. రోజుకు అరవై గడియలు, గడియకు ఇరవై నాలుగు నిమిషాలు. అడుగున సన్నటి రంధ్రం ఉన్న రాగి గిన్నెను నీళ్ల మీద వదిలితే, అది నిండి మునిగేసరికి ఒక గడియ. పాత్రల దుకాణం ఆయన చేత ఒకటి చేయించాను. రంధ్రం కాస్త పెద్దదై మొదటిది పదిహేడు నిమిషాలకే మునిగింది. మూడోది కుదిరింది. అంచు మీద నీళ్లు మూతపడే ఆ క్షణం కోసం ఇరవై నాలుగు నిమిషాలు కూర్చోవాలి. నువ్వు వచ్చినప్పుడు ఇద్దరం తీద్దాం.

మన కృష్ణ ఒడ్డున ఇంకా పెద్ద గడియారం ఉంది. గురుడు కన్యారాశిలోకి వచ్చినప్పుడు, దాదాపు పన్నెండేళ్లకు ఒకసారి, పుష్కరాలు. 1992లో, 2004లో, 2016లో ఒకే మెట్టు మీద నిలబడి ప్రకాశం బ్యారేజీ వైపు చూస్తూ తీశాను. ఆ మూడు ఫొటోలూ నీకే ఇస్తాను. 2028లో నా మోకాళ్లు ఆ మెట్లు దిగనిస్తాయో లేదో, నాలుగోది నువ్వు తీయాలి. మెట్టుకు గుర్తు చెబుతాను.

చివరగా ఎండ సంగతి. మన దేశమంతటికీ గడియారం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం లెక్క. మనం దానికి పడమట ఉన్నాం కాబట్టి సూర్యుడు మన నడినెత్తి రేఖకు (మన నెత్తి మీదుగా ఉత్తర దక్షిణాలుగా పోయే గీతకు) సగటున ఏడెనిమిది నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. ఆ ఆలస్యమైనా రోజూ ఒకేలా ఉండదు. ఫిబ్రవరిలో సూర్యుడు అక్కడికి వచ్చేసరికి పన్నెండూ ఇరవై దాటుతుంది, నవంబరు మొదట్లో పన్నెండుకు ముందే వచ్చేస్తాడు. మేడ మీద ఒక కర్ర పాతి, నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్న వేళను ఏడాది పొడుగునా తీశావంటే, అదొక్కటే ఒక ప్రదర్శనకు సరిపోతుంది.

మే మొదటి వారంలో ఒక రోజు ఆ నీడ అసలు ఉండదు. నిలువుగా పెట్టిన ఇత్తడి చెంబు నీడ దాని కిందే ఇమిడిపోతుంది. మీ గుంటూరు మాకు కాస్త దక్షిణంగా ఉంది కనుక మీకు దాదాపు ఒక రోజు ముందే, 5వ తేదీ ప్రాంతంలో వస్తుంది. మాకు 6న. మీ మేడ మీద తీసేసి ఆ సాయంత్రం బండెక్కు. మర్నాడు పన్నెండు దాటిన నాలుగైదు నిమిషాలకు మా మేడ మీద రెండోది తీద్దువుగాని. పదకొండున్నరకే చెంబు పెట్టి ఉంచుతాను. కెమెరాలో గడియారం సరిచేసుకుని రా.

ఇట్లు,
మీ మామయ్య